ఊళ్లో సగం ఇళ్లకు తాళాలే.. అయినా అద్దెకు ఇల్లు దొరకదు: ‘ఖాళీ ఇళ్ల శాతం’ అసలు ఏం చెబుతుంది?

2011 జనాభా లెక్కల ప్రకారం గోవాలో ప్రతి ఐదు ఇళ్లలో ఒకటికి పైగా ఖాళీగా ఉంది. అన్ని ఇళ్లు ఖాళీగా ఉంటే అద్దెలు చవకగా ఉండాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ సముద్రతీర గ్రామాల్లో ఏడాది పొడవునా ఉండటానికి ఇల్లు దొరకడం లేదని అక్కడివాళ్లు చాలాకాలంగా చెబుతున్నారు.

ఈ రెండూ నిజమే కావచ్చు. అక్కడ ఖాళీగా ఉన్న ఇళ్లలో చాలావాటికి యజమానులున్నారు, కరెంటు కనెక్షన్ ఉంది, లోపల మంచాలు, ఫ్రిజ్ కూడా ఉన్నాయి. లేనిదల్లా మనుషులే. ముంబయి, దిల్లీ, బెంగళూరు, హైదరాబాద్ లాంటి నగరాల్లో ఉండేవాళ్లు సెలవుల కోసం కొనుక్కున్న ‘రెండో ఇళ్లు’ అవి. జనగణన లెక్కలో అవి ఖాళీ. అద్దె కోసం వెతికేవారికి మాత్రం అవి లేనట్టే.

అందుకే రెండో ఇళ్లు ఎక్కువగా ఉన్న చోట ఖాళీ ఇళ్ల శాతం పెరిగిందంటే ఇళ్లు మిగిలిపోయాయని అర్థం కాదు. చాలాసార్లు అది కొరతకే గుర్తు. ఈ అంకెను ఎలా లెక్కిస్తారు, ఏయే దేశాలు ఏం చేశాయి, తర్వాతి జనగణనలో మీ తాళం వేసిన ఫ్లాట్ గురించి ఏం చెప్పాలి అన్నది చూద్దాం.

ఇల్లు ‘ఖాళీ’ అని మన జనగణనలో ఎలా రాస్తారు?

జనగణనలో మొదటి దశ ఇళ్ల జాబితా తయారీ. అప్పుడు ఎన్యూమరేటర్ ప్రతి ‘సెన్సస్ హౌస్’కూ ఒక నంబర్ ఇచ్చి, దాన్ని దేనికి వాడుతున్నారో రాసుకుంటారు. రోడ్డు నుంచి గానీ, అందరూ వాడే మెట్ల నుంచి గానీ వేరుగా ప్రధాన ద్వారం ఉన్న ప్రతి భాగమూ ఒక సెన్సస్ హౌసే. అంటే ఇందులో ఇళ్లతో పాటు దుకాణాలు, ఆఫీసులు, గుళ్లు, బళ్లు కూడా ఉంటాయి.

ఆ సమయానికి లోపల ఎవరూ నివసించకుండా, మరే పనికీ వాడకుండా ఉంటే దాన్ని ‘ఖాళీ’గా రాస్తారు. కుటుంబం యాత్రకో, పెళ్లికో వెళ్లి తాళం వేసి ఉంటే అది ఖాళీ కిందికి రాదు. కానీ ఏడాదిలో ఎక్కువ కాలం మూసి ఉండే సెలవుల ఇంటికి 2011 ఫారంలో ప్రత్యేకమైన గడి లేదు. కూలిపోయే స్థితిలో ఉన్న పెంకుటిల్లు, అమ్ముడుపోని కొత్త ఫ్లాట్, అద్దెకు బోర్డు పెట్టిన పోర్షన్, సంక్రాంతికి మాత్రమే తలుపు తీసే మేడ, మూతపడ్డ దుకాణం అన్నీ ఒకే ‘ఖాళీ’ పద్దులో కలిసిపోయాయి.

2011లో దేశం మొత్తం మీద ఇలా తేలినవి దాదాపు 2.46 కోట్లు. అందులో పట్టణాల వాటా సుమారు 1.11 కోట్లు. పట్టణాల్లోని మొత్తం 11 కోట్ల సెన్సస్ హౌస్‌లతో భాగిస్తే అది 10 శాతం. దుకాణాలు, ఆఫీసులు తీసేసి నివాస గృహాలను బట్టి చూస్తే 12 శాతం దాటుతుంది. 2017-18 ఆర్థిక సర్వే సుమారు 12 శాతం అని చెప్పింది. ఖాళీగా ఉన్న ఇళ్ల సంఖ్య మారలేదు. దేనితో భాగించారన్నదే మారింది.

2012లో కేంద్రం నియమించిన సాంకేతిక బృందం దేశంలో పట్టణ గృహాల కొరత 1.88 కోట్లు అని అంచనా వేసింది. అంటే ఒకే కాలంలో కోటికి పైగా ఇళ్లు ఖాళీ, దాదాపు రెండు కోట్ల ఇళ్ల కొరత. ఖాళీగా ఉన్న ఇల్లు, ఇల్లు కావాల్సిన కుటుంబం ఒకే చోట, ఒకే ధరలో ఉండవు కాబట్టే ఈ వింత.

ఒకే ఊరు.. నాలుగు రకాల అంకెలు

లెక్క అర్థం కావడానికి ఒక ఊరిని ఊహించుకుందాం. అందులో 1,000 ఇళ్లు ఉన్నాయి.

• 600 ఇళ్లలో ఏడాది పొడవునా జనం ఉంటారు. వాటిలో 200 అద్దె ఇళ్లు.
• 350 రెండో ఇళ్లు.
• 40 పాడుబడిన ఇళ్లు.
• 10 ఇళ్లకు ‘టు-లెట్’ బోర్డు ఉంది.

ఇప్పుడు ఈ ఊళ్లో ఖాళీ శాతం ఎంత?

మనుషులు లేని ప్రతి ఇంటినీ లెక్కిస్తే 1,000లో 400, అంటే 40 శాతం. రెండో ఇళ్లను లెక్కలోంచి పూర్తిగా తీసేస్తే 650లో 50, అంటే దాదాపు 8 శాతం. అద్దె మార్కెట్‌నే చూస్తే 210 ఇళ్లలో 10, అంటే 5 శాతానికి కాస్త తక్కువ. అద్దెకు దొరికే ఇళ్లను ఊళ్లోని మొత్తం ఇళ్లతో పోలిస్తే 1,000లో 10, అంటే 1 శాతమే.

40, 8, 5, 1. నాలుగూ సరైన అంకెలే. ఆ ఊరికి బదిలీ మీద వచ్చిన టీచర్‌కు కావాల్సింది చివరి రెండే. వార్తల శీర్షికల్లో కనిపించేది మాత్రం చాలాసార్లు మొదటిది.

అమెరికా: నాంటకెట్ దీవి ఏం చెబుతోంది?

మసాచుసెట్స్ తీరంలోని నాంటకెట్ సంపన్నుల వేసవి విడిది. 2010 జనగణన ప్రకారం అక్కడ 11,618 ఇళ్లున్నాయి. వాటిలో కుటుంబాలు నివసిస్తున్నవి 4,229. అంటే దాదాపు 64 శాతం ఇళ్లు ఖాళీ. ఈ అంకె ఒక్కటే చూస్తే జనం వదిలేసి వెళ్లిపోయిన ఊరు అనుకుంటాం. నిజానికి అమెరికాలోనే ఇళ్ల ధరలు అత్యధికంగా ఉండే చోట్లలో అదొకటి. ఏడాది పొడవునా అక్కడే పనిచేసేవాళ్లకు ఇళ్లు ఎలా దొరకాలన్నది ఆ దీవికి పెద్ద సమస్య.

అమెరికా జనగణన విభాగం ఈ ఇబ్బందిని గుర్తించి ఖాళీ ఇళ్లను కారణాన్ని బట్టి విడదీస్తుంది. అద్దెకు ఉన్నవి, అమ్మకానికి ఉన్నవి, సీజన్‌లోనో అప్పుడప్పుడో వాడేవి, వలస కూలీల కోసం ఉంచినవి, ఇతరాలు అని వేర్వేరు పద్దులుంటాయి. మొత్తం ఖాళీ శాతంలో సీజన్ ఇళ్లు కలుస్తాయి. ‘అద్దె ఇళ్ల ఖాళీ శాతం’ అని విడిగా ప్రకటించే అంకెలో అవి ఉండవు.

ఈ తేడా రాష్ట్రాల స్థాయిలోనూ కనిపిస్తుంది. 2010లో మెయిన్ రాష్ట్రంలో 22.8 శాతం ఇళ్లు ఖాళీ. అమెరికా సగటు 11.4 శాతం. అంటే సగటుకు రెట్టింపు. కానీ మెయిన్‌లోని మొత్తం ఇళ్లలో 16 శాతం సరస్సుల పక్కన, సముద్రం ఒడ్డున ఉన్న సీజన్ ఇళ్లే. అవి తీసేస్తే ఆ రాష్ట్రంలో అసాధారణమేమీ కనిపించదు.

ఒక చోట ఖాళీ శాతం ఎక్కువగా ఉంటే మూడు వేర్వేరు కథలు ఉండొచ్చు. ఉపాధి పోయి జనం వెళ్లిపోయి ఉండొచ్చు. బిల్డర్లు గిరాకీని మించి కట్టి ఉండొచ్చు. లేదా బయటి ఊళ్ల డబ్బు వచ్చి ఇళ్లు కొని తాళాలు వేసి ఉండొచ్చు. మొదటి రెండింటిలో ధరలు పడిపోతాయి. మూడోదాంట్లో పెరుగుతాయి. అంకె ఒకటే, మందు మాత్రం ఒకటి కాదు.

స్విట్జర్లాండ్: చీకటి ఇళ్లున్నా ఖాళీ 1 శాతమే

స్విట్జర్లాండ్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేక పద్ధతి. అక్కడ ఏటా జూన్ 1న ఖాళీ ఇళ్లను లెక్కిస్తారు. నివాసయోగ్యంగా ఉండి, అమ్మకానికో దీర్ఘకాలం అద్దెకో మార్కెట్లో ఉన్న ఇల్లే ఖాళీ. యజమాని సెలవులకు వాడుకుంటూ తాళం వేసిన ఇల్లు ఖాళీ కాదు. 2024లో ఆ దేశపు ఖాళీ శాతం 1.08 మాత్రమే.

ఈ పద్ధతిలో అద్దెకు ఇళ్లున్నాయా లేవా అన్నది వెంటనే తెలుస్తుంది. కానీ సీజన్ అయ్యాక ఊళ్లో సగం కిటికీలు చీకటిగా ఉంటే ఈ అంకెలో కనిపించదు. అందుకే రెండో ఇళ్ల సంగతిని అక్కడ మరో లెక్కతో చూస్తారు.

2012 మార్చి 11న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 50.6 శాతం ఓటర్లు రెండో ఇళ్లకు పరిమితి పెట్టాలన్నారు. ఆ తీర్పు ప్రకారం, మున్సిపాలిటీలోని ఇళ్లలో రెండో ఇళ్లు 20 శాతం దాటితే అక్కడ కొత్తగా రెండో ఇల్లు కట్టడానికి సాధారణంగా అనుమతి ఉండదు. చట్టం 2016 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మూడు వందలకు పైగా మున్సిపాలిటీలు, ముఖ్యంగా ఆల్ప్స్ పర్వత ప్రాంతాల్లోనివి, దీని పరిధిలోకి వచ్చాయి.

ఫలితం మాత్రం మిశ్రమం. ఆర్థికవేత్తలు క్రిస్టియన్ హిల్బర్, ఒలివియర్ షోని 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నిషేధం తర్వాత ఆ ఊళ్లలో స్థానికుల ఇళ్ల ధరల పెరుగుదల తగ్గింది. నిరుద్యోగం మాత్రం పెరిగింది. సెలవుల ఇళ్ల నిర్మాణం, వాటి చుట్టూ ఉన్న పనులే అక్కడ చాలామందికి జీవనాధారం కావడం ఇందుకు కారణం. మరో చిక్కు కూడా ఉంది. 2012 ఓటింగ్‌కు ముందే ఉన్న ఇళ్లను రెండో ఇళ్లుగా వాడుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు. కొత్తవి కట్టే దారి మూసుకుపోతే కొనేవాళ్ల చూపు ఊరి నడిమధ్య ఉన్న పాత ఇళ్ల మీద పడుతుంది.

స్పెయిన్: కరెంటు మీటరే సాక్షి

తలుపు కొట్టి అడిగితే అన్నిసార్లూ నిజం తెలియదు. అందుకే స్పెయిన్ గణాంక సంస్థ 2021 జనగణనలో విద్యుత్ వినియోగాన్ని ఆధారంగా తీసుకుంది. మీటరు దాదాపు తిరగని ఇళ్లు ఖాళీ, అప్పుడప్పుడు తిరిగేవి ‘అరుదుగా వాడే ఇళ్లు’ అని విడదీసింది. దేశంలోని 2.66 కోట్ల ఇళ్లలో 38 లక్షలు, అంటే 14.4 శాతం ఖాళీ అని తేలింది. మరో 25 లక్షల ఇళ్లు అరుదుగా వాడేవి.

ఒకే పద్దులో పడిపోయే 63 లక్షల ఇళ్లు ఇలా రెండుగా విడిపోయాయి. జనం తగ్గిపోతున్న పల్లెల్లోని పాత ఇళ్లకూ, తీరప్రాంతపు సెలవుల ఫ్లాట్లకూ ఒకే విధానం పనిచేయదు కాబట్టి ఈ విభజన ముఖ్యం.

తాళాల వల్ల ప్రజా సేవలకు ఏమవుతుంది?

నీళ్లు, మురుగునీటి శుద్ధి: పైపులు, ట్యాంకులు, ప్లాంట్లను ఏడాది సగటుకు కాకుండా సీజన్ రద్దీకి సరిపడేలా కట్టాలి. మిగతా నెలల్లో అవి సగం సామర్థ్యంతోనే నడుస్తాయి. నిర్వహణ ఖర్చు మాత్రం తగ్గదు.

నిధులు: గ్రాంట్లలో ఎక్కువ భాగం జనాభాను బట్టి వస్తాయి. స్థానిక సంస్థల గ్రాంట్లను రాష్ట్రాల మధ్య పంచడానికి మన 15వ ఆర్థిక సంఘం జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. రెండో ఇంటి యజమానిని జనగణన అతని సొంత నగరంలో లెక్కిస్తుంది. అతని చెత్త, నీళ్లు, రోడ్డు భారం మాత్రం సెలవుల ఊరి మీద పడుతుంది.

బడి, బస్సు, ఆసుపత్రి: ఇళ్లు పెరిగినా పిల్లలు పెరగరు. విద్యార్థులు తగ్గితే బడి, ప్రయాణికులు తగ్గితే బస్సు ప్రశ్నార్థకమవుతాయి. చివరికి నర్సు, లైన్‌మన్, పారిశుద్ధ్య కార్మికుడు ఊరికి దూరంగా ఉండి రోజూ వచ్చిపోవాల్సి వస్తుంది. అర్ధరాత్రి కరెంటు పోయినా, ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చినా ఆ దూరమే అసలు సమస్య అవుతుంది.

పన్ను వేస్తే తాళాలు తెరుచుకుంటాయా?

బ్రిటన్‌లోని వేల్స్‌లో 2023 ఏప్రిల్ నుంచి రెండో ఇళ్ల మీద కౌన్సిల్ ట్యాక్స్‌కు అదనంగా 300 శాతం వరకు వేసుకునే అధికారం స్థానిక సంస్థలకు ఉంది. గ్వినెథ్ కౌన్సిల్ 150 శాతం అదనంగా విధించింది. ఇంగ్లండ్‌లో 2025 ఏప్రిల్ నుంచి 100 శాతం వరకు అదనపు పన్నుకు అవకాశం వచ్చింది. అయితే ఇంటిని ‘హాలిడే వ్యాపారం’గా నమోదు చేసుకుంటే ఈ పన్ను తప్పుతుంది. ఈ దారిని ఇరుకు చేయడానికి, ఏడాదిలో కనీసం 182 రోజులు నిజంగా అద్దెకు ఇచ్చి ఉండాలని వేల్స్ షరతు పెట్టింది.

ఇంగ్లండ్ తీరపట్టణం సెయింట్ ఐవ్స్ 2016లో మరో దారి పట్టింది. కొత్తగా కట్టే ఇళ్లను శాశ్వత నివాసంగానే వాడాలన్న ప్రతిపాదనకు ఓటర్లలో 80 శాతానికి పైగా మద్దతిచ్చారు. నిబంధన కొత్త ఇళ్లకే కాబట్టి పాత ఇళ్లను బయటివాళ్లు కొనడాన్ని అది ఆపలేదు.

కెనడాలోని వాంకూవర్‌లో 2017 నుంచి ఖాళీ ఇళ్ల పన్ను ఉంది. ఆస్తి విలువలో 1 శాతంతో మొదలై తర్వాత 3 శాతానికి చేరింది. అక్కడ ప్రతి యజమానీ తన ఇంట్లో ఎవరుంటున్నారో ఏటా ప్రకటించాలి. ప్రకటించకపోతే ఇల్లు ఖాళీగా ఉన్నట్టే లెక్క. ఆ తర్వాత ఖాళీ ఆస్తుల సంఖ్య తగ్గిందని నగరపాలక సంస్థ నివేదికలు చెబుతున్నాయి.

అయితే వాంకూవర్‌లో ఉద్యోగాలు, అద్దెకు గిరాకీ ఏడాది పొడవునా ఉంటాయి. పన్ను భారం అనిపించిన యజమాని ఇల్లు అద్దెకు ఇచ్చుకోగలడు. అచ్చంగా సెలవుల ఊళ్లో కోట్ల రూపాయల విల్లా కొన్నవారికి పన్ను పెద్ద లెక్క కాకపోవచ్చు. ఒకవేళ వాళ్లు అద్దెకు పెట్టినా ఆ అద్దె స్థానిక నర్సు జీతానికి అందదు. పన్ను వల్ల తాళాలు తెరుచుకోకపోయినా, వచ్చే డబ్బుతో స్థానికులకు ఇళ్లు కడితేనే ప్రయోజనం.

మన దగ్గర పరిస్థితి ఏమిటి?

మన పన్నుల విధానం ఇందుకు భిన్నం. గతంలో సొంతంగా వాడుకునే ఇల్లు ఒక్కదానికే ఆదాయపు పన్నులో పూర్తి మినహాయింపు ఉండేది. రెండోది ఖాళీగా ఉన్నా, అద్దె వచ్చినట్టే ఊహించి పన్ను లెక్కించేవారు. 2019 బడ్జెట్ ఆ మినహాయింపును రెండు ఇళ్లకు పెంచింది. 2025 బడ్జెట్ అందులోని షరతులనూ తీసేసింది. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ నిబంధనల ప్రకారం ఖాళీగా ఉన్న భవనానికి ఆస్తిపన్నులో 50 శాతం రాయితీకి దరఖాస్తు చేసుకునే వీలు ఉంది. వాడని ఇంటికి సేవలూ తక్కువే అన్నది ఈ రాయితీ వెనకున్న పాత తర్కం. వేల్స్‌లో తాళానికి పన్ను పెరుగుతుంటే, ఇక్కడ తగ్గుతుంది.

మన ఖాళీ ఇళ్లన్నీ సెలవుల ఇళ్లు కావు. గోదావరి జిల్లాల్లో పిల్లలు అమెరికా వెళ్లిపోగా పెద్దవాళ్లు గతించిన ఇళ్లున్నాయి. హైదరాబాద్ పడమటి వైపు పెట్టుబడి కోసం కొని వదిలేసిన ఫ్లాట్లున్నాయి. మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు వారాంతపు ఫామ్‌హౌస్‌లున్నాయి. కేరళలో 2011లో పదింట ఒకటి ఖాళీగా తేలడం వెనక గల్ఫ్ వలసలున్నాయి. పట్టణాల్లో యజమానుల భయాలు మరో కారణం. ఆస్తి హక్కుల్లో స్పష్టత లేకపోవడం, ఒప్పందాల అమలు బలహీనంగా ఉండటం, ఇంటి ధరతో పోలిస్తే అద్దె రాబడి తక్కువ కావడం కారణాలు కావచ్చని 2017-18 ఆర్థిక సర్వే పేర్కొంది.

ఏ ఊళ్లో ఏ కారణం ఎంత అన్నది విడిగా తెలియకుండా పన్ను పెంచినా, రాయితీ ఇచ్చినా గురి తప్పుతుంది.

ఈ జనగణనలో మీరేం చేయాలి?

కేంద్రం ప్రకటించిన షెడ్యూల్ ప్రకారం ఇళ్ల జాబితా దశ 2026 ఏప్రిల్-సెప్టెంబర్ మధ్య జరుగుతుంది. జనాభా లెక్కకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1.

• మీరు ఉండని ఇంటి గురించి ఎన్యూమరేటర్ ఫోన్ చేసినా, పక్కింటివారిని అడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పండి, చెప్పించండి. ఎవరూ ఉండని ఇంట్లో ఎవరో ఉన్నారని చెబితే ఆ ఊరి లెక్క తప్పుతుంది.
• మీ కుటుంబాన్ని నిజంగా ఉంటున్న చోటే నమోదు చేయించుకోండి. సొంతూళ్లో మరోసారి రాయించుకోవద్దు.
• జనగణనలో చెప్పే వ్యక్తిగత వివరాలు జనగణన చట్టం, 1948 ప్రకారం గోప్యం. వాటిని పన్నుల శాఖకు ఇవ్వరు, కోర్టులో సాక్ష్యంగానూ వాడరు.

ఖాళీ ఇళ్ల వార్త చూస్తే అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

1. ఖాళీ అంటే మనుషులు లేని ఇల్లా, అద్దెకో అమ్మకానికో ఉన్న ఇల్లా?
2. రెండో ఇళ్లను కలిపారా, తీసేశారా?
3. దేనితో భాగించారు? మొత్తం భవనాలతోనా, నివాస గృహాలతోనా, అద్దె ఇళ్లతోనా?
4. ఏ నెలలో లెక్కించారు? సీజన్‌లోనా, జనం లేనప్పుడా?

ఈ నాలుగింటికీ జవాబు లేకుండా ‘లక్షల ఇళ్లు ఖాళీ, కొత్తవి కట్టడం దండగ’ అన్నా, ‘ఖాళీ ఇళ్లన్నింటికీ పన్ను వేయండి’ అన్నా తొందరపాటే. ఊరికి ఇళ్లు సరిపోతున్నాయా అని తెలుసుకోవాలంటే తాళాలు ఎన్ని అని లెక్కపెడితే చాలదు. అక్కడ పనిచేసే మనిషి తన జీతంతో ఉండగలిగే ఇళ్లు ఎన్ని దొరుకుతున్నాయో లెక్కపెట్టాలి.